ఒకే వరసలో రెండు రంగుల ఊలు అల్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లెయిన్ స్వెట్టర్లు, మఫ్లర్లు బాగానే అల్లేసేవాళ్లు కూడా రెండో రంగు చేతిలోకి రాగానే అవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒక్కచోట పెడుతున్నా. నిట్, పర్ల్, కుట్లు ఎక్కించడం, దించడం మీకొచ్చనే లెక్కలో రాస్తున్నా, అవి రాకపోతే ముందు అవి నేర్చుకుని రండి, తొందరేం లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్తా: ఈ పనిలో ముందు కనపడే డిజైన్ కన్నా వెనక పరిగెత్తే దారమే ముఖ్యం. కింద సగం జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి, విసుక్కోకండి.

స్ట్రాండెడ్ అంటే ఏంటి? ఫెయిర్ ఐల్ అన్నా అదేనా?

ఒకే వరసలో రెండు రంగులు నడుస్తుంటాయి, ఒకదానితో కుట్టు వేస్తున్నంతసేపు రెండోది వెనకాల ఖాళీగా వస్తూ ఉంటుంది, దాని వంతు వచ్చినప్పుడు అది ముందుకి, ఇది వెనక్కి. అలా వెనక ఖాళీగా నడిచే దారాన్ని ఫ్లోట్ అంటారు. ఇదే స్ట్రాండెడ్ పద్ధతి.

ఫెయిర్ ఐల్ అనేది ఇందులో ఒక ఊరి బాణీ. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీకి, షెట్లాండ్‌కి మధ్య సముద్రంలో వందమంది కూడా లేని చిన్న దీవి అది. వాళ్ల స్వెట్టర్లో ఏ వరస చూసినా రెండే రంగులుంటాయి, కానీ నాలుగైదు వరసలకోసారి ఒక రంగు మార్చేస్తారు కాబట్టి మొత్తమ్మీద చూస్తే బోలెడన్ని రంగులు వాడినట్టుంటుంది. ఈ కిటుకు తెలియక ఒకేసారి ఐదారు దారాలు పట్టుకోవాలేమో అనుకుని చాలామంది భయపడి మానేస్తారు.

నార్వేలో ట్రోండ్‌హైమ్ దగ్గర సెల్బూ అనే ఊరుంది, అక్కడివి నలుపు తెలుపు చేతి తొడుగులు, మధ్యలో ఎనిమిది రేకుల నక్షత్రం. 1857లో మారిట్ ఎమ్‌స్టాడ్ అనే పనమ్మాయి అలాంటి జత అల్లుకుని చర్చికి వెళ్లిందట, అక్కడినుంచి ఊరంతా పాకింది. ఐస్‌లాండ్ స్వెట్టర్లకి మెడ చుట్టూ గుండ్రంగా డిజైనుంటుంది. లాత్వియా వాళ్ల పిచ్చి ఇంకో రకం, 2006లో రీగాలో నాటో సమావేశం పెడితే వచ్చిన అతిథులకి ఇవ్వడానికి 4,500 జతల చేతి తొడుగులు అల్లించారు. ఇవన్నీ స్ట్రాండెడే.

ఇంటార్సియా వేరు. పెద్ద పువ్వో ఏనుగు బొమ్మో ఉంటే ఒక్కో రంగు ముక్కకి విడిగా చిన్న ఉండ పెట్టుకుని అల్లడం అది, వెనక ఫ్లోట్లు ఉండవు. ఏది ఏదో తెలియకపోతే స్వెట్టర్ తిరగేసి చూడండి, అడ్డంగా దారాలు కనపడితే స్ట్రాండెడ్.

ఓడ మునిగి ఒడ్డుకొచ్చిన స్పెయిన్ నావికులు ఈ డిజైన్లు నేర్పారంటారు, నిజమేనా?

ఓడ మునగడం నిజమే. 1588లో ఎల్ గ్రాన్ గ్రిఫోన్ అనే స్పానిష్ ఆర్మడా (స్పెయిన్ యుద్ధ నౌకల దండు) ఓడ ఫెయిర్ ఐల్ దగ్గర రాళ్లకి కొట్టుకుంది. వాళ్లు అల్లిక నేర్పారన్న దానికి మాత్రం ఆధారం లేదు, సరుకు అమ్ముడుపోవడానికి బాగా పనికొచ్చిన కథ. దానికన్నా పెద్ద ప్రచారం 1920ల్లో వచ్చింది, అప్పటి వేల్స్ యువరాజు (తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్) గోల్ఫ్ ఆడేటప్పుడు ఫెయిర్ ఐల్ స్వెట్టర్ వేసుకున్నాడు, ఇంకేముంది, దొరలందరికీ అదే కావాల్సొచ్చింది.

మొట్టమొదట ఏం అల్లాలి?

టోపీ. మఫ్లర్ వద్దు, దాని వెనక భాగం కనపడుతుంది, పైగా తిప్పి తిప్పి పర్ల్ వైపు కూడా రెండు రంగులతో అల్లాలి. సాక్సులు వద్దు, గుండ్రం చిన్నది, ఫ్లోట్లు బిగుసుకుంటాయి. స్వెట్టర్ అసలే వద్దు. టోపీ అయితే సర్క్యులర్ సూది (రెండు కొసల్ని తీగతో కలిపిన సూది) మీద గుండ్రంగా పోతూనే ఉంటుంది, ఎప్పుడూ నిట్టే, డిజైనెప్పుడూ మీకు ఎదురుగానే ఉంటుంది, అటూ ఇటూ ఐతే ఎవరి తలకో ఒకరి తలకి సరిపోతుంది.

షెట్లాండ్‌లో 2010 నుంచి ఏటా వూల్ వీక్ అని జరుపుతున్నారు, దానికోసం ఏ ఏటికాయేడు ఒక టోపీ డిజైన్ ఇస్తారు. వాటిల్లో ఏదైనా రెండో ప్రయత్నానికి బాగుంటుంది. మొదటిదానికి మాత్రం మూడేసి నాలుగేసి కుట్లకి రంగు మారే చిన్న డిజైన్ చాలు, గళ్లు, చిన్న డైమండ్లు, చుక్కలు.

ఏ ఊలు కొనాలి? మన దగ్గర దొరికేదంతా ఆక్రిలిక్కే కదా.

నిజమే, హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ కుట్టు సామాన్ల షాపుకెళ్తే ఎక్కువ కనపడేది లూధియానా నుంచి వచ్చే ఆక్రిలిక్. దాంతో నేర్చుకోవచ్చా అంటే నేర్చుకోవచ్చు, కానీ అది జారుడు సరుకు, కుట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, అల్లేటప్పుడు వచ్చిన ఎగుడుదిగుళ్లు ఉతికినా సర్దుకోవు. అసలు ఉన్నికి సన్నటి నూగుంటుంది, దారం దారాన్ని పట్టుకుంటుంది, తడిపి ఆరేస్తే కుట్లు వాటంతటవే సర్దుకుంటాయి, మీకు రాని నీటుతనం కూడా వచ్చేస్తుంది. షెట్లాండ్ ఉన్నిని అందరూ అంతలా పొగడడానికి కారణం అదే, మెత్తగా ఉంటుందని కాదు, నిజానికి కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

అమెరికాలోనో యూకేలోనో ఎవరైనా ఉంటే షెట్లాండ్ జంపర్ వెయిట్ అనే సన్న రకం ఊలు తెప్పించుకోండి, 25 గ్రాముల చిన్న ఉండల్లో వస్తుంది, గ్రాముకి నాలుగున్నర మీటర్ల దారం దాకా ఉంటుంది, రంగులు లెక్కలేనన్ని. లేదంటే మన దేశంలోనే దొరికే మెరినో. సూపర్‌వాష్ అని రాసున్నది మెషీన్లో ఉతకడానికి సుఖమేగానీ దానికి కూడా నూగు తక్కువ, మొదటిసారికి నేనైతే తీసుకోను.

రెండు రంగులూ ఒకే కంపెనీ, ఒకే లావు ఉండాలి. ఇంట్లో మిగిలిన ముక్కలతో కానిచ్చేద్దాం అనుకుంటే ఒకటి లావు ఒకటి సన్నం అయ్యి డిజైన్ పొక్కిపోయి కనపడుతుంది.

రెండు దారాలు ఎలా పట్టుకోవాలి? రెండు చేతులూ వాడాల్సిందేనా?

వాడాల్సిందే అని రూలేం లేదు. మన దగ్గర చాలామంది కుడిచేత్తో దారం విసిరే పద్ధతిలో నేర్చుకుని ఉంటారు, వాళ్లకి సుళువైనది ఏంటంటే ఒక దారం కుడిచేతిలో, రెండోది ఎడమచేతి చూపుడువేలి మీద. ఎడమచేయి మొదట్లో మొరాయిస్తుంది, కుట్లు వదులుగా, ఒంకరగా వస్తాయి. ఒక సాయంత్రం పాత ఊలుతో ప్లెయిన్ ముక్కొకటి పూర్తిగా ఎడమచేత్తోనే అల్లండి, ఆ తర్వాతే రెండు రంగులు కలపండి.

రెండు దారాలూ ఒకే చేతిలో రెండు వేళ్ల మీద పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, వేలికి తొడుక్కునే రెండు కన్నాల చుట్ట కూడా అమ్ముతారు. ఒక దారం వదిలేసి ఇంకోటి తీసుకుంటూ నిదానంగా అల్లినా తప్పేం లేదు, టైం పడుతుంది అంతే. పెరూలో టిటికాకా సరస్సు మధ్యలో టకీలే అనే దీవి ఉంది, అక్కడ టోపీలు అల్లేది మగవాళ్లు. ఆండీస్ కొండల్లో చాలాచోట్ల దారాలు మెడ వెనకనుంచి తీసుకొచ్చి, పర్ల్ వైపు తమకేసి పెట్టుకుని అల్లుతారు, ఫ్లోట్లన్నీ కళ్ల ముందే ఉంటాయన్నమాట. కాబట్టి ఫలానా విధంగానే పట్టుకోవాలని ఎవరైనా గదమాయిస్తే పట్టించుకోకండి. ఒక్క షరతు, ఏ రంగు ఏ చేతిలో మొదలుపెట్టారో చివరిదాకా అలాగే ఉండాలి, ఎందుకో కింద చెప్తా.

ఉండలు చిక్కుపడిపోయి తలప్రాణం తోకకొస్తోంది, ఏం చెయ్యాలి?

ఒక ఉండ మీకు ఎడమవైపు, ఒకటి కుడివైపు, ఒక్కోటి ఒక్కో స్టీల్ గిన్నెలో. రెండూ ఒకే సంచిలో వేశారో, అయిపోయిందే. దారం మార్చేటప్పుడు ఒక రంగు ఎప్పుడూ పైనుంచి, రెండోది ఎప్పుడూ కింది నుంచి రావాలి, అప్పుడవి మెలిపడవు. ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి తీస్తే ప్రతి మార్పుకీ ఒక మెలిక, పది మార్పులకి జడ తయారు. మెలికలు పడ్డాక ఉండల్ని విడదీస్తూ కూర్చోవద్దు, అల్లిక సూదితో సహా పైకెత్తి గాల్లో వేలాడదీస్తే అదే గిర్రున తిరిగి విప్పుకుంటుంది.

చిలపగా కొన్న ఊలుని నేరుగా వాడకండి, ముందు ఉండ చుట్టుకోండి. మధ్యలోంచి దారం వచ్చేలా చుట్టుకుంటే గదంతా దొర్లదు, పిల్లికి పని తగ్గుతుంది.

నేను అల్లింది ముడతలు పడి కుచించుకుపోయింది. తప్పెక్కడ?

ఎక్కువమంది అడిగేది ఇదే, నూటికి తొంభై మందికి జవాబు కూడా ఒకటే, ఫ్లోట్లు బిగుసుకున్నాయి. రెండో రంగు నాలుగు కుట్లు దాటి వచ్చేటప్పుడు, అయ్యో వదులైపోతుందేమో అని ఒక్క గుంజు గుంజుతాం చూడండి, అదే కొంపముంచేది. ముందు కుట్లు సాగుతాయి, వెనక దారం సాగదు, దాంతో బట్ట మొత్తం నాడా లాగిన లంగా కుచ్చుల్లా దగ్గరికొస్తుంది. ఆ తర్వాత ఎంత తడిపినా, ఎన్ని పిన్నులు గుచ్చి ఆరేసినా అది పోదు.

చెయ్యాల్సింది ఇది. ఎరుపుతో నాలుగు కుట్లు వేశారు, ఇప్పుడు తెలుపు వంతు. తెలుపు దారం తీసుకోకముందే ఆగండి. కుడి సూది మీదున్న ఆఖరి ఎనిమిది పది కుట్లని బొటనవేలితో వెనక్కి జరిపి, బట్ట అయ్యాక ఎంత వెడల్పుంటాయో అంత వెడల్పుకి పరవండి. సూది మీద కుట్లు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, అసలు మోసం అక్కడే జరుగుతుంది. పరిచాక తెలుపు దారాన్ని వెనకనుంచి వాటి పొడుగునా వదిలి, మొదటి తెలుపు కుట్టు వెయ్యండి. లాగొద్దు, వేలాడనివ్వొద్దు, అలా ఆనుకుని ఉంటే చాలు. ఆ మొదటి కుట్టు కాస్త వదులుగా అనిపించినా దాన్ని సరిచెయ్యబోయి లాగకండి, పక్క వరస వచ్చాక సర్దుకుంటుంది.

నాలుగైదు వరసలకోసారి పనాపి అల్లికని రెండు చేతుల్తో అడ్డంగా సాగదీసి చూడండి. సాగి మళ్లీ వెనక్కి వస్తే బాగున్నట్టు. ఒకచోట గట్టిగా పట్టేసినట్టుంటే అక్కడిదాకా విప్పెయ్యండి, మనసు చంపుకుని విప్పెయ్యండి, ఎందుకంటే తర్వాత చేసేదేం లేదు. మరీ వదులైపోయిన ఫ్లోట్‌ని మాత్రం క్రోషే సూదితో అటూ ఇటూ ఉన్న కుట్లలోకి పంచెయ్యొచ్చు, బిగుసుకున్నదాన్ని ఏం చెయ్యలేం. అందుకే అనుమానం వస్తే వదులువైపే పోండి.

ఎంత జాగ్రత్తపడినా బిగుసుకుంటోందంటే ఒక ఉపాయం ఉంది. అల్లికని లోపలి వైపు బయటికి తిప్పేసి, సూదికి అవతలి అంచున అల్లుకుంటూ పోవచ్చు. అప్పుడు ఫ్లోట్లు గుండ్రానికి బయటనుంచి చుట్టి రావాలి, దూరం కొంచెం ఎక్కువ కాబట్టి అవే వదులుగా పడతాయి. చేతి తొడుగులు, స్వెట్టర్ చేతుల్లాంటి ఇరుకు వాటికి ఇది బాగా పనికొస్తుంది.

ఫ్లోట్ ఎంత పొడుగుండొచ్చు? మధ్యలో ఎలా పట్టెయ్యాలి?

ఐదు కుట్లు, లేదా ఒక అంగుళం, అంతవరకు ఏం చెయ్యక్కర్లేదు. నూగున్న షెట్లాండ్ ఉన్ని ఐతే ఏడు కుట్లదాకా వదిలేసినా నాలుగు ఉతుకులకి వెనకాలే అతుక్కుపోతుంది. ఆక్రిలిక్‌కి అంత లేదు, నాలుగైదుకోసారి పట్టాలి. చిన్నపిల్లల బట్టలైతే ఇంకా దగ్గర దగ్గరగా, వేళ్లు ఇరుక్కుంటాయి.

ఒకే చేత్తో అల్లేవాళ్లకి సులువు, మధ్య కుట్టు దగ్గర రెండు దారాల్నీ వెనకాల ఒకసారి మెలేసి ముందుకి పోవడమే. రెండు చేతులతో అల్లేవాళ్లు, పట్టాల్సింది ఎడమచేతి దారం ఐతే, కుడి సూదిని కుట్టులోకి దూర్చి, ఎడమ దారాన్ని ఆ సూది మీదికి ఎక్కించి, కుడి దారంతో మామూలుగా చుట్టి, కుడి దారాన్ని ఒక్కదాన్నే కుట్టులోంచి లాగండి. పక్క కుట్టు మామూలుగా వేస్తే అది దొరికిపోతుంది. పట్టాల్సింది కుడిచేతి దారం ఐతే, సూది దూర్చాక ముందు కుడి దారం చుట్టండి, దాని మీదుగా ఎడమ దారం తీసుకోండి, కుడిదాన్ని చుట్టిన దారినే వెనక్కి విప్పెయ్యండి, ఇప్పుడు ఎడమదాన్ని లాగండి. చదివితే గందరగోళం, చేతిలో సూదులు పెట్టుకుని ఒక్కో ముక్క చేసి చూస్తే పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

ఒక వరసలో పట్టినచోటే పై వరసలో కూడా పట్టకండి. ఒకదాని మీద ఒకటి పడితే ముందువైపు నిలువు గీతలాగ తెలుస్తుంది, నలుపు తెలుపు లాంటి జంటైతే వెనక రంగు చుక్కచుక్కగా తొంగిచూస్తుంది. అలాగని ప్రతి రెండో కుట్టుకీ పట్టేసేవాళ్లున్నారు, దాంతో బట్ట అట్ట కట్టినట్టవుతుంది.

డిజైన్ రంగు సరిగ్గా ఎత్తిచూపట్లేదు, మధ్యలో ఒకచోట మసకగా మారిపోయింది. ఎందుకు?

దారాలు చేతులు మారి ఉంటాయి. వెనకాల నడిచే రెండు దారాల్లో కిందుగా నడిచేది కొంచెం ఎక్కువ దూరం పైకొచ్చి కుట్టవుతుంది కాబట్టి దాని కుట్లు పిసరంత పెద్దవి, అవే కంటికి ఆనతాయి. డిజైన్ రంగు కింద నుంచి, నేల రంగు (డిజైన్ చుట్టూ ఉండే రంగు) పైనుంచి రావాలి. రెండు చేతులతో అల్లేవాళ్లకి ఎడమచేతి దారం దానంతటదే కిందుంటుంది, అందుకని డిజైన్ రంగు ఎడమచేతికి ఇవ్వండి. రాత్రి పక్కన పెట్టి పొద్దున తీసినప్పుడు చేతులు మారేది ఎక్కువ. ఎడమవైపు గిన్నెలో ఉన్నది ఏ రంగో చార్ట్ (గళ్లలో గీసిన డిజైన్ కాగితం) మీద రాసిపెట్టుకుంటే గొడవుండదు.

సైజు లెక్క ఎలా? టోపీ అల్లితే పిల్లాడికి పట్టలేదు.

ప్లెయిన్ ముక్క గేజ్‌తో (అంటే 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వస్తాయో ఆ లెక్కతో) సైజు లెక్కేసి ఉంటారు. రెండు రంగుల అల్లిక అదే ఊలు, అదే సూదితో చేసినా చాలామందికి బిగుతుగా వస్తుంది. ఉదాహరణకి ప్లెయిన్‌లో 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చాయనుకోండి, తల చుట్టుకొలత 54, టోపీ కాస్త పట్టి ఉండాలి కాబట్టి 51 దాకా కావాలి, 8 కుట్ల డిజైన్‌కి సరిపోయేలా 112 ఎక్కించారు. లెక్క ప్రకారం 50.9. కానీ రంగులతో గేజ్ 24 వచ్చిందనుకోండి, అదే 112 కుట్లు 46.7 సెంటీమీటర్లే అవుతాయి. నాలుగు సెంటీమీటర్లు గల్లంతు, పైగా ఈ బట్ట ప్లెయిన్ అంత సాగదు కూడా.

అందుకని శాంపిల్ ముక్క రెండు రంగులతోనే, గుండ్రంగా అల్లి, తడిపి, ఆరాక కొలవండి. గుండ్రంగా అంత అల్లే ఓపిక లేకపోతే సర్క్యులర్ సూది మీద ఒక వరస అల్లి, తిప్పకుండా కుట్లని సూది ఇంకో కొసకి జరిపేసి, దారాలు వెనకాల పొడుగ్గా వదిలి మళ్లీ నిట్ చెయ్యండి. రంగులున్న భాగానికి ఒక సైజు పెద్ద సూది వాడటం మామూలే, ప్లెయిన్‌కి 4 ఎంఎం ఐతే రంగులకి 4.5. అంచు పట్టీని కూడా రెండు రంగులతో వెయ్యాలనుకుంటే అది మామూలు రిబ్బులా సాగదని గుర్తుపెట్టుకోండి.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనపడితే పనికొస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పట్టుచీర అంచులో అదిరిపోతాయి గానీ చాలాసార్లు ఫొటోలో రెండూ ఒకే బూడిదరంగు, అల్లితే డిజైన్ కనపడదు. షేడ్లు మారే ఊలు తీసుకుంటే రెండో రంగు మాత్రం ఒకే షేడ్‌గా ఉండాలి, లేకపోతే ఎక్కడో ఒకచోట రెండూ కలిసిపోతాయి.

చార్ట్ ఎటునుంచి చదవాలి?

కింద కుడి మూల నుంచి. గుండ్రంగా అల్లుతుంటే ప్రతి వరసా కుడినుంచి ఎడమకే, తిప్పి అల్లుతుంటే ఒకటి కుడినుంచి, ఒకటి ఎడమనుంచి. స్కేలుని అల్లుతున్న వరసకి పైన పెట్టుకోండి, కింద కాదు, అప్పుడు అయిపోయిన వరసలు కనపడుతుంటాయి, ఇప్పుడు వేస్తున్న కుట్టు కింది కుట్టుకి ఎటు పడాలో చూసుకోవచ్చు. నాలుగు వరసలయ్యాక చార్ట్ కన్నా అల్లికే చదవడం అలవాటైపోతుంది.

ఒకే వరసలో మూడు రంగులు వాడొచ్చా?

వాడొచ్చు. స్వీడన్‌లో 1939 నుంచి 1969 దాకా బోహుస్ స్టిక్నింగ్ అని ఎమ్మా జాకబ్సన్ నడిపిన సంస్థ ఉండేది, రాళ్లు కొట్టే పనిపోయిన కుటుంబాల ఆడవాళ్లకి ఉపాధి కోసం మొదలుపెట్టింది, వాళ్ల స్వెట్టర్లలో ఒకే వరసలో మూడు నాలుగు రంగులు, మధ్యమధ్య పర్ల్ కుట్లు. చూస్తే నీళ్లరంగులు వేసినట్టుంటాయి. కానీ వెనక మూడు ఫ్లోట్లంటే బట్ట లావెక్కుతుంది, చేతులు చాలవు. మూడో రంగు అక్కడక్కడ చుక్కే ఐతే అల్లడం అయిపోయాక సూది దారంతో కుట్టు మీద కుట్టు కుట్టెయ్యండి, ఎవరూ కనిపెట్టలేరు.

ముందు తెరిచే కార్డిగన్‌ని కూడా గుండ్రంగా అల్లి కత్తెరతో కట్ చేస్తారట, విడిపోదా?

చేస్తారు. దాన్ని స్టీక్ అంటారు. పర్ల్ వరసలో రెండు రంగులతో కుస్తీ పట్టే బదులు, తెరవాల్సినచోట ఏడెనిమిది కుట్లు అదనంగా వేసి, వాటిని ఒకటి ఇది ఒకటి అది చొప్పున గళ్లలా అల్లి, ఒంటిని గొట్టంలా పూర్తిచేసి ఆ మధ్యలో కత్తిరిస్తారు. నిట్ కుట్లు విడిపోయేది పైనుంచి కిందికే, పక్కలకి అంత తేలిగ్గా విడిపోవు, పైగా నూగున్న ఉన్ని పట్టుకుని ఉంటుంది. షెట్లాండ్ ఉన్నికైతే ఏ కుట్టూ వెయ్యకుండా కోసేసేవాళ్లు కూడా ఉన్నారు. మనం అంత ధైర్యం చెయ్యొద్దు, ఏడు కుట్లుంటే నాలుగోదానికి అటొకటి ఇటొకటి క్రోషే వరస వేసి, రెండిటి మధ్య నిచ్చెన మెట్లలా కనపడే దారాల్ని ఒక్కోటి కత్తిరించండి, మంచి వెలుతురులో, లోపల అట్టముక్క పెట్టుకుని, లేకపోతే వీపు వైపు బట్ట కూడా తెగుతుంది. ఆక్రిలిక్‌కి, సూపర్‌వాష్‌కి కుట్టుమిషన్ మీద రెండు లైన్లు తప్పనిసరి, నన్నడిగితే ఆక్రిలిక్‌తో అసలు స్టీక్ జోలికే పోకండి.

మన ముగ్గుల్ని చార్ట్‌గా మార్చి అల్లొచ్చా?

ఇది అడిగినప్పుడల్లా నాకు హుషారొస్తుంది. అల్లొచ్చు, కానీ అన్నీ రావు. మెలికల ముగ్గు రాదు, వంపులు గళ్లలోకి దించితే మెట్లుమెట్లుగా పాడైపోతుంది. సందు చుక్క పెట్టి గీతలతో కలిపే నక్షత్రాలు, డైమండ్లు భలే వస్తాయి, సెల్బూ నక్షత్రం చూసినవాళ్లకి ఇది మన వాకిట్లోదే కదా అనిపిస్తుంది. పోచంపల్లి చీరల్లో మెట్లమెట్ల డైమండ్లు కూడా నేరుగా గళ్ల కాగితం మీదికి వచ్చేస్తాయి.

గీసేటప్పుడు రెండు చూసుకోండి. ఏ వరసలోనైనా ఒకే రంగు ఐదారు గళ్లు దాటి వరసగా వస్తే మధ్యలో రెండో రంగు చుక్కొకటి పెట్టండి, ముగ్గులో ఖాళీల్లో చిన్న పూలు పెడతాం చూడండి, అలాగే. నిలువు గీతల కన్నా ఏటవాలు గీతలు మంచివి, రంగు మారేచోటు ప్రతి వరసకీ ఒక కుట్టు జరుగుతుంది కాబట్టి ఫ్లోట్లు ఒకేచోట పేరుకోవు. మామూలు నిట్ కుట్టు వెడల్పెక్కువ ఎత్తు తక్కువ, కానీ రెండు రంగుల అల్లికలో దాదాపు చదరంగా వస్తుంది, అందుకని మామూలు గళ్ల కాగితం మీద గీసినా బొమ్మ పెద్దగా అణగదు.

చలికాలం రోడ్డు పక్కన అమ్మే డిజైన్ స్వెట్టర్లు చేత్తో అల్లినవేనా?

ఎక్కువ శాతం లూధియానా మెషీన్ సరుకు. లోపలివైపు తిప్పి చూడండి, రెండు రంగులూ వెనకాల కూడా చుక్కచుక్కగా అల్లుకుపోయి ఉంటే మెషీన్‌దే. మనాలి వైపు వెళ్తే అమ్మే రంగురంగుల ఉన్ని సాక్సుల్లో మాత్రం చేతి పని ఉంటుంది, ఒక జత కొనుక్కుని తిరగేసి ఫ్లోట్లు చూస్తే సగం పాఠం అందులోనే ఉంది.

ఊలు సరిపోతుందో లేదో మధ్యలో ఎలా తెలుసుకోవాలి?

వంటింటి డిజిటల్ కాటా చాలు. డిజైన్ ఒక పట్టీ మొదలుపెట్టేముందు తెలుపు ఉండ తూచండి, పట్టీ అయ్యాక మళ్లీ తూచండి. పట్టీకి 6 గ్రాములు పట్టి, ఇంకా రెండు పట్టీలుండగా మీ దగ్గర 10 గ్రాములే మిగిలితే ఇప్పుడే షాపుకి పరిగెత్తాలి. లేబుల్ మీద లాట్ నంబర్ (ఒకేసారి రంగేసిన సరుకుకి ఇచ్చే నంబర్) చూసి అదే తెండి, తెలుపులో కూడా తేడాలుంటాయి. రెండు రంగుల అల్లిక ప్లెయిన్ కన్నా ఊలు ఎక్కువ తింటుంది, వెనక నడిచేదంతా అదనమే కదా.

ఉతికితే ఎరుపు తెలుపుకి అంటుతుందేమో?

అల్లకముందే చూడండి. ముదురు దారం మూరెడు తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా నొక్కండి. గుడ్డకి రంగు దిగితే ఆ దారాన్ని తెలుపుతో కలపకండి, రంగు పోవడం ఆగేదాకా ఉతికాక వాడండి. వెనిగర్ కలిపిన నీళ్లు కొంత సాయం చేస్తాయి గానీ అదేం మంత్రం కాదు. రంగు దిగుతుందని భయమనుకుంటే గొర్రె సహజ రంగుల్లో తెలుపు, బూడిద, గోధుమ, నల్ల గోధుమ ఉంటాయి, వాటికి ఆ బెంగే లేదు.

పూర్తయ్యాక గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. టోపీ ఐతే సరైన సైజు గిన్నె మీద బోర్లించండి. ఆక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే మాత్రం చప్పిడైపోయి మళ్లీ లేవదు.

అంతా అయ్యాక చూస్తే ఒక కుట్టు తప్పు రంగులో ఉంది. విప్పాలా?

వద్దు. సరైన రంగు దారం మొద్దు సూదికి ఎక్కించి ఆ ఒక్క కుట్టు దారి వెంటే పైన కుట్టేసి, కొసలు వెనకాల ఫ్లోట్లలో దాచేస్తే సరి. వరసకి వరసే ఒక కుట్టు జరిగిపోయి ఉంటే మాత్రం విప్పక తప్పదు.

మన వాతావరణంలో ఎలా దాచాలి?

ఉతికి, పూర్తిగా ఆరాకే దాచాలి, చెమట మరకలకే పురుగు ముందొస్తుంది. గాలి చొరబడని కవర్లో పెట్టండి. కలరా ఉండలు వేస్తే పురుగు రాకపోవచ్చు గానీ ఆ వాసన ఉన్నికి పట్టిందంటే ఒక పట్టాన వదలదు, వెయ్యాలనుకుంటే బట్టకి తగలకుండా గుడ్డలో మూటకట్టి వెయ్యండి. వానాకాలం పోయాక ఒకసారి తీసి నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. హ్యాంగర్‌కి తగిలించొద్దు, రెండు దారాల బరువుకి భుజాలు సాగిపోతాయి.